కత్తిరింపుల పుస్తకంలో ఒక ప్రకటన: రంగం వలస, బంధుత్వ నిర్ధారణ

వ్యాససంగ్రహం

ఉత్తర కోస్తా తెలుగు కుటుంబాలలో చాలావాటికి బర్మా వలసతో సంబంధం ఉంది. ఆ వలసకు సంబంధించిన వ్యక్తిగత ఆధారాలు మాత్రం ఇళ్ళలో చెల్లాచెదురుగా, అసంపూర్ణంగా మిగిలాయి. ఒక కత్తిరింపుల పుస్తకంలో దొరికిన చిన్న పత్రికా ప్రకటనను తీసుకొని, అందులోని వ్యక్తికీ ఆ కుటుంబానికీ గల సంబంధాన్ని ఎంతవరకు నిర్ధారించవచ్చో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రకటన కాలనిర్ణయం, తెలుగువారి నామకరణ పద్ధతి, జిల్లా సరిహద్దుల మార్పు, ఆస్తి దస్తావేజు, మౌఖిక సాక్ష్యం అనే ఐదింటిని ఒకదానితో ఒకటి సరిచూడటం ఇందులో అనుసరించిన పద్ధతి.

కీలక పదాలు: బర్మా వలస, రంగం, 1942 కాందిశీకులు, కుటుంబచరిత్ర, పత్రికా కత్తిరింపులు, ఇంటిపేరు, మౌఖిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

మా అమ్మమ్మ వదిలివెళ్ళిన వస్తువులలో ఒక పాత లెక్కల పుస్తకం ఉంది. దాని పుటల మీద మైదాపిండి గంజితో అంటించిన పత్రికల కత్తిరింపులు ఉన్నాయి. వ్రతవిధానాలు, యుద్ధవార్తలు, దేశనాయకుల బొమ్మలు, పిల్లల జబ్బులకు ఇంటివైద్యాలు అన్నీ కలగలిసి ఉన్న ఆ పుస్తకంలో, ఒక పుటలో మాత్రం ఒకే ఒక్క కత్తిరింపు ఉంది. అది ఏడెనిమిది పంక్తుల ప్రకటన. రంగూను రేవులో పనిచేసి, యుద్ధం వల్ల కాలినడకన స్వదేశం చేరిన సుమారు ముప్పయి అయిదేళ్ళ వ్యక్తి బరంపురంలో ఒక సత్రంలో అస్వస్థుడై ఉన్నాడనీ, తనది గంజాం జిల్లా టెక్కలి తాలూకా అని చెబుతున్నాడనీ, బంధువులెవరైనా ఉంటే వచ్చి తీసుకుపోవలెననీ దాని సారాంశం. అందులోని ఇంటిపేరు మా అమ్మమ్మ పుట్టింటివారిది. వ్యక్తి పేరు ఆమె పెద్దన్నది.

ఆ పెద్దన్న 1920లలో రంగం వెళ్ళి తిరిగి రాలేదని మా ఇంట్లో అందరికీ తెలుసు. అయితే ఈ కత్తిరింపు బయటపడిన తరువాత, చాలాకాలంగా గుసగుసగా ఉన్న మరో మాట పైకి వచ్చింది. ఆయన తిరిగి వచ్చాడనీ, ఆస్తిలో వాటా ఇవ్వవలసి వస్తుందని ఇంట్లోవాళ్ళే చేరదీయలేదనీ మా మేనమామలలో ఒకరు నమ్ముతున్నారు. అమ్మమ్మ అప్పుడప్పుడూ “వచ్చాడు గానీ రాలేదు” అనేదని, దాని అర్థం అదేనని ఆయన వాదన. కుటుంబచరిత్రను పుస్తకంగా వేయాలని బంధువులు పూనుకున్నప్పుడు ఈ మాటను అందులో చేర్చాలా అన్న వివాదం వచ్చింది. చేర్చితే మా ముత్తాత మీద తీరని నింద పడుతుంది. నిజమైతే దానిని దాచడం చరిత్రకు ద్రోహం అవుతుంది. ఈ పరిశీలనకు కారణం అదే.

ఈ వ్యాసంలో కుటుంబసభ్యుల పేర్లు, ఊరి పేరు, ఇంటిపేరు ఇవ్వడం లేదు. సాక్ష్యం చెప్పినవారి వారసులు జీవించి ఉన్నందువల్ల ఇది అవసరమని భావించాను.

2. ప్రకటన భౌతిక స్వరూపం, కాలనిర్ణయం

కత్తిరించిన కాగితం తనకు ముందూ వెనుకా ఉన్న సమాచారాన్ని పోగొట్టుకుంటుంది. పత్రిక పేరు, తేదీ, పుట సంఖ్య కత్తెర పడిన క్షణంలోనే పోతాయి. ఈ ప్రకటనకు ఇవేవీ లేవు. పైగా చివరి పంక్తిని పురుగు తినేసింది. “కుమారుడు” అన్న మాట మాత్రం మిగిలి, దానికి ముందున్న తండ్రి పేరు పోయింది. అది దక్కి ఉంటే ఈ వ్యాసం అవసరమే ఉండేది కాదు.

కాలనిర్ణయానికి కాగితం వెనుకవైపు ఉపయోగపడింది. అంటించిన కాగితాన్ని ఊడదీయడం ప్రమాదకరం. అందువల్ల పుటను వెలుతురుకు ఎదురుగా నిలిపి ఛాయాచిత్రం తీసి, బొమ్మను కుడియెడమలుగా తిప్పి చదివాను. వెనుకవైపు దినపంచాంగంలో ఒక ముక్క ఉంది. “చిత్రభాను”, “కార్తిక” అన్న రెండు మాటలు స్పష్టంగా కనబడుతున్నాయి. అరవై సంవత్సరాల చక్రంలో చిత్రభాను 1882-83, 1942-43, 2002-03లలో వచ్చింది. ప్రకటనలో బర్మా యుద్ధ ప్రస్తావన ఉన్నందున 1942 తప్ప మరొకటి కుదరదు. ఆ సంవత్సరం అధిక జ్యేష్ఠం రావడం వల్ల కార్తికం కొంత ఆలస్యంగా, నవంబరు రెండవ వారంలో మొదలై డిసెంబరు మొదటి వారం చివర ముగిసింది. కనుక ప్రకటన అచ్చయినది ఆ నాలుగు వారాలలోనే.

3. చారిత్రక నేపథ్యం

కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదుగా బర్మాలో తెలుగువారిని కొరంగీలని పిలిచేవారు. కోరంగి రేవు ప్రాభవం తగ్గిన తరువాత కూడా ఆ పేరు నిలిచింది. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, గోపాలపురం రేవుల నుంచి పొగ ఓడలలో కూలీలు రంగూను చేరేవారు. వారి నోట రంగూను “రంగం” అయింది. మేస్త్రీలు బయానా ఇచ్చి మనుషులను కూడగట్టేవారు. ఆ అప్పు తీరేదాకా కూలీ మేస్త్రీకి కట్టుబడి ఉండేవాడు. రేవులో సరుకు ఎత్తిదించడం, బియ్యపు మిల్లుల పని, రిక్షా లాగడం తెలుగువారి ప్రధాన వృత్తులు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలకు పైగా ఉన్నారు. రంగూను నగర జనాభాలో సగానికి మించి వారే.

ఈ వలస శాశ్వతమైనది కాదు. రెండు మూడేళ్ళు పనిచేసి, కొంత కూడబెట్టి, ఇంటికి వచ్చి, మళ్ళీ వెళ్ళడం మామూలు. అయితే 1930 మే నెలలో తెలుగు రేవు కూలీల సమ్మె, వారి స్థానంలో బర్మీయులను పెట్టుకొని సమ్మె ముగియగానే తొలగించడం, దాని వెంట చెలరేగిన అల్లర్లు ఈ రాకపోకలను దెబ్బతీశాయి. ధాన్యం ధరలు పడిపోయిన ఆర్థికమాంద్యం మరో దెబ్బ. 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుంచి పరిపాలనాపరంగా విడిపోయింది. 1938లో మళ్ళీ అల్లర్లు జరిగాయి.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాయి. 1942 మార్చి 8న నగరం జపాను వశమైంది. ఓడలలో చోటు దొరకనివారు లక్షల సంఖ్యలో నడక దారి పట్టారు. కొందరు ప్రోము నుంచి తౌంగుప్ కనుమ మీదుగా అరకాను తీరానికి, కొందరు చింద్విన్ నది దాటి తము మీదుగా ఇంఫాల్, డిమాపూర్లకు, ఆఖరున మిగిలినవారు హుకాంగ్ లోయ గుండా లీడోకు చేరుకున్నారు. కలరా, మలేరియా, ఆకలి వేలాదిమందిని దారిలోనే బలిగొన్నాయి. అదే సమయంలో 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద కూడా బాంబులు పడ్డాయి. తీరప్రాంత ప్రజలు భయపడి లోపలి గ్రామాలకు తరలిపోయారు. అంటే తిరిగి వచ్చినవాడు తనవాళ్ళను పాత చోటనే చూడగలడన్న నమ్మకం ఆ ఏడాది లేదు. అటువంటి పరిస్థితిలో పత్రికా ప్రకటన అవసరం సులభంగానే అర్థమవుతుంది.

1941లో బర్మాలో తీసిన జనాభా లెక్కల వివరాలు చాలావరకు యుద్ధంలో నాశనమయ్యాయి. అందువల్ల ఒక కూలీ జాడను వెదకడానికి ఇంటి ఆధారాలే మొదటి మెట్టు అవుతాయి.

4. పేరు, ఊరు, జిల్లా

ఇంటిపేరూ వ్యక్తిపేరూ రెండూ కలిశాయి కనుక మనిషి మావాడేనని మా మేనమామ తీర్మానించారు. తెలుగు కుటుంబాల విషయంలో ఈ తీర్మానం తొందరపాటు. దీనికి రెండు కారణాలున్నాయి.

మొదటిది ఇంటిపేరు. ఒకే ఇంటిపేరు వేరువేరు కులాలలో, ఒకదానితో ఒకటి సంబంధం లేని ఊళ్ళలో కనిపిస్తుంది. ఊరి పేరు మీద ఏర్పడిన ఇంటిపేర్ల విషయంలో ఇది మరీ ఎక్కువ. రెండవ కారణం మరింత ముఖ్యమైనది. తాత పేరు మనుమడికి పెట్టడం మన ఆచారం. అన్నదమ్ములు ముగ్గురుంటే ముగ్గురూ తమ తొలికొడుకుకు తండ్రి పేరు పెట్టుకుంటారు. ఫలితంగా ఒకే తరంలో, ఇంచుమించు ఒకే వయసులో, ఒకే ఇంటిపేరుతో ఒకే పేరు గల జ్ఞాతులు ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఇంట్లో వారిని పెద్ద, చిన్న అని వేరుచేసి పిలుస్తారు. ఊరు దాటితే ఆ విశేషణాలు ఉండవు. కనుక పేరు కలవడం కుటుంబాన్ని సూచించవచ్చు గాని వ్యక్తిని నిర్ధారించదు. మా వంశవృక్షాన్ని ఈ దృష్టితో మళ్ళీ చూసినప్పుడు, మా ముత్తాత తమ్ముడికి కూడా అదే పేరుగల కొడుకు ఉన్నట్లు తేలింది. ఆయన కూడా రంగం వెళ్ళినవాడే.

ప్రకటనలోని “గంజాం జిల్లా” అన్న మాట మరొక ఆధారం. టెక్కలి తాలూకా 1936 మార్చి వరకు గంజాం జిల్లాలో ఉండేది. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం ఉత్తర భాగం అందులోకి పోగా, టెక్కలి వంటి దక్షిణ తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడి అవి అందులో చేరాయి. 1942లో టెక్కలిని గంజాంలో ఉన్నదిగా చెప్పిన వ్యక్తి 1936కు ముందే ఇల్లు విడిచి ఉండవచ్చు. ఆయన మనసులోని చిరునామా తాను ఓడ ఎక్కిన నాటిది. అయితే ప్రజలు పాత జిల్లా పేరును ఎన్నో ఏళ్ళు వాడుతూనే ఉంటారు. బరంపురం గంజాం జిల్లాలోదే కనుక, ప్రకటన రాసిచ్చిన స్థానికుడు ఆ జిల్లా పేరు తానే చేర్చి ఉండవచ్చు కూడా. కనుక ఈ ఆధారానికి పరిమితమైన బలమే ఉంది. పైగా అన్నదమ్ముల బిడ్డలిద్దరూ 1936కు ముందు వెళ్ళినవారే కావడం వల్ల ఇది వారిని వేరుచేయదు.

5. ఇతర ఆధారాలతో సరిపోల్చడం

5.1 పోస్టుకార్డు: అమ్మమ్మ పెద్దన్న రాసినదిగా ఒకే ఒక్క కార్డు మిగిలింది. అయిదవ జార్జి బొమ్మ గల ఇండియా పోస్టుకార్డు అది. 1937లో విడిపోయేదాకా బర్మాలో భారతదేశపు తపాలా బిళ్ళలే చెల్లేవి. కార్డు మీది ముద్ర బస్సేనుది, 1929 నాటిది. ఐరావతి డెల్టాలోని ఈ పట్టణం బియ్యపు మిల్లులకు ప్రసిద్ధి. మిల్లులో పని దొరికిందనీ, చెల్లెలి పెళ్ళికి డబ్బు పంపుతాననీ అందులో ఉంది. ప్రకటనలోని వ్యక్తి రంగూను రేవు పనివాడు. ఈ తేడా గమనించదగినదే కాని నిర్ణాయకం కాదు. కోతల కాలంలో మిల్లులో, తరువాత రేవులో పనిచేసినవారు చాలామంది ఉన్నారు. పైగా రెండింటి మధ్య పదమూడేళ్ళ కాలం ఉంది.

5.2 పంపకాల దస్తావేజు: 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ గ్రామాలలో రైతులకు నేరుగా పట్టాలు రావడం మొదలైంది. దానితో ఉమ్మడి కుటుంబాలు చాలాచోట్ల భూములను పంచుకొని రిజిస్టరు చేయించుకున్నాయి. మా ముత్తాత మరణానంతరం 1952లో రాసిన పారీఖత్తు నకలు సంపాదించి చదివాను. అందులో ఒకే పేరు రెండుసార్లు వస్తుంది. మొదటి వ్యక్తి ముత్తాత తమ్ముడి కుమారుడు. వయసు నలభై నాలుగు. ఆయన దస్తావేజులో ఒక పక్షంగా ఉండి వేలిముద్ర వేశాడు. రంగూను నుంచి తిరిగి వచ్చినది మొదలు పెదతండ్రిగారి ఇంటనే ఉండి వ్యవసాయం చూసుకొన్నట్లు ఆయన గురించి రాసి ఉంది. రెండవ వ్యక్తి ముత్తాత పెద్దకుమారుడు. ఆయనను “రంగము వెళ్ళి జాడ తెలియని” వాడుగా పేర్కొని, ఆయన వాటాను తమ్ముళ్ళు అనుభవిస్తూ, ఆయన గాని ఆయన సంతతి గాని వస్తే అప్పగించేటట్లు షరతు రాశారు.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. తిరిగి వచ్చిన వ్యక్తి వయసును బట్టి ఆయన 1942లో ముప్పయి నాలుగేళ్ళవాడు. ఇది ప్రకటనతో సరిపోతుంది. రెండవది, ఏడేళ్ళపాటు జాడ లేని వ్యక్తి బతికే ఉన్నాడనేవారే దానిని రుజువు చేయాలని అప్పట్లో అమలులో ఉన్న 1872 భారత సాక్ష్య చట్టం 108వ సెక్షను చెప్పేది. వాటా ఎగవేయాలని అనుకున్న కుటుంబానికి 1952 నాటికి చట్టం అనుకూలంగానే ఉంది. అయినా వారు ఆయనను మరణించినవాడుగా రాయలేదు. వాటా తీసిపెట్టారు.

5.3 మౌఖిక సాక్ష్యం: తిరిగి వచ్చిన వ్యక్తి కుమార్తె మా అమ్మకు వదిన వరస. ఇప్పుడు ఎనభైకి దగ్గరపడిన ఆమెను రెండుసార్లు కలిశాను. మొదటిసారి కత్తిరింపును చూపలేదు, దాని ప్రస్తావన కూడా తేలేదు. ఆధారాన్ని ముందే చూపితే జ్ఞాపకం దాని ఆకారంలోకి ఒదిగిపోతుంది. “మీ నాన్నగారు రంగం నుంచి ఎలా వచ్చారు అత్తయ్యా?” అని మాత్రమే అడిగాను.

ఆమె చెప్పిన దాని సారాంశం ఇది. ఆమె తండ్రి కొండదారిన నడిచి వచ్చి, రైలెక్కి, జ్వరంతో బరంపురంలో దిగిపోయాడు. సత్రంలోని వాళ్ళు పేపరులో వేయించారు. ఆ పేపరును ఊళ్ళో ఎవరో చదివి చెప్పగా, పెదతాత తన కొడుకే వచ్చాడనుకొని బయలుదేరాడు. సత్రంలో మంచం మీద ఉన్నది తమ్ముడి కొడుకని చూసిన తరువాతనే తెలిసింది. “మా నాన్నను చూసి ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదట. తరువాత ‘లే నాయనా, ఇంటికి పోదాం’ అన్నాడట. అప్పటికి మా తాత పోయి చాలాకాలమైంది. నాన్న ఆ ఇంట్లోనే ఉండిపోయాడు.”

రెండవసారి వెళ్ళినప్పుడు కత్తిరింపు చూపాను. దానిని ఆమె అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. బరంపురం, సత్రం, పేపరు అన్న మూడు వివరాలు కత్తిరింపుతో నిమిత్తం లేకుండానే ఆమె నోట వచ్చాయి. పెదతండ్రి ఇంట నివసించినట్లు చెప్పిన మాటను దస్తావేజు బలపరుస్తున్నది. అయితే ఆమె చెప్పినది తాను కళ్ళారా చూసినది కాదు, తండ్రి నోట విన్నది. ఆ మాటలను అక్షరాలా తీసుకోనక్కరలేదు. సంఘటన స్వరూపం వరకు అంగీకరించవచ్చు.

5.4 అమ్మమ్మ మాట: “వచ్చాడు గానీ రాలేదు” అన్నది మా మేనమామ గుర్తుపెట్టుకున్న రూపం. మా అమ్మకూ పిన్నికీ వేరువేరుగా అడిగితే ఇద్దరూ మరింత పొడవైన రూపం చెప్పారు. “వచ్చినవాడు వచ్చాడు గానీ, రావలసినవాడు రాలేదు.” ఇందులో ఇద్దరు మనుషులున్నారు. వాక్యం కుదించుకుపోయినప్పుడు ఇద్దరూ ఒక్కరై, దానిని అర్థం చేసుకోవడానికి లేని నేరం ఒకటి కల్పించవలసి వచ్చింది. ఒకే పేరు గల ఇద్దరు ఉన్నారన్న సంగతి తరువాతి తరానికి తెలియకపోవడమే ఈ పొరపాటుకు మూలం.

6. ముగింపు

పై ఆధారాలను కలిపి చూసినప్పుడు, ప్రకటనలోని వ్యక్తి మా అమ్మమ్మ పెద్దన్న కాదనీ, ఆమె చిన్నాన్న కొడుకనీ నిర్ణయించవచ్చు. పేరు, వయసు, తాలూకా ఇద్దరికీ సరిపోతాయి. దస్తావేజూ మౌఖిక సాక్ష్యమూ మాత్రం ఒక్కరి వైపే చూపుతున్నాయి. బంధుత్వం నిజమే. మనిషి వేరు. తిరిగి వచ్చిన కొడుకును తండ్రి కాదన్నాడన్న నిందకు ఆధారం లేదు. కొడుకనుకొని వెళ్ళి, తమ్ముడి కొడుకును తెచ్చి ఇంట పెట్టుకున్న మనిషి ఆయన. కుటుంబచరిత్ర పుస్తకంలో ఈ విధంగానే రాయడానికి మా మేనమామ అంగీకరించారు. పెద్దన్న పేరు ఎదుట మరణ సంవత్సరం ఉండవలసిన చోటు ఖాళీగా వదిలాం. బస్సేను కార్డు తరువాత ఆయన గురించి ఒక్క అక్షరమైనా దొరకలేదు.

ఈ పరిశీలన నుంచి కుటుంబచరిత్ర పరిశోధకులకు ఉపయోగపడే సూచనలు కొన్ని ఉన్నాయి. కత్తిరింపును చదివేముందు దాని వెనుకవైపు చూడాలి. పేరు కలిసినప్పుడు అదే పేరుగల జ్ఞాతులు ఎందరున్నారో ముందుగా లెక్కించాలి. జిల్లా పేరును నేటి పటంతో కాక నాటి పటంతో చదవాలి. పెద్దలను అడిగేటప్పుడు ఆధారాన్ని వెంటనే చూపకూడదు. భూమి పంపకాల దస్తావేజులలో ఉన్నవారి పేర్లే కాక లేనివారి పేర్లు కూడా ఉంటాయి కనుక వలసల చరిత్రకు అవి విలువైన ఆధారాలు.

చివరిగా, ఈ కత్తిరింపును అమ్మమ్మ ఎందుకు దాచుకున్నదన్న ప్రశ్న ఉంది. వచ్చినది తన అన్న కాదని అంటించేనాటికి ఆమెకు తెలిసే ఉండాలి. బంధువు క్షేమంగా తిరిగి వచ్చిన గుర్తుగా ఉంచుకొని ఉండవచ్చు. తండ్రి బరంపురం వెళ్ళి వచ్చే దాకా, ఇంట్లో అందరూ అన్న వస్తున్నాడని నమ్మిన ఆ కొద్ది రోజుల గుర్తుగానూ ఉంచుకొని ఉండవచ్చు. ఆ పుటలో మరే కాగితమూ అంటించకపోవడాన్ని చూస్తే రెండవదే నిజమనిపిస్తుంది. రంగం వెళ్ళినవారి చరిత్రలో వెళ్ళినవారితో పాటు, వారి కోసం పత్రికలు వెదికినవారికి కూడా చోటుండాలని ఆ ఖాళీ పుట చెబుతున్నది.